నలభై ఎనిమిదో కారణం

డాక్టర్ ఆస్గర్ మా చిత్తడి నేలలకు వచ్చేనాటికి సరాపియా పిన్ని ఇల్లు వదిలి పారిపోవడం ముప్పై ఒక్కసార్లు పూర్తయింది. ఆయన వయసు ముప్పై ఆరు. ఆయన పుట్టకముందునుంచీ ఆమె ఈ పనిలో ఉంది. అయినా నిపుణుడు ఆయనే. ఆమె పేరు ఆయన కాగితాల్లో 'గృహం 212'.

నేను ఆయనకు దుబాసీని. పేరు నోరైసా. ఈ మాగిండనావ్ జిల్లాలోనే పుట్టి, కోటబాటో నగరంలో డిగ్రీ చదివి, ఇంగ్లీషు వచ్చిన పాపానికి ఆయన వెనకాల టాబ్లెట్‌ను ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని పదకొండు నెలలు తిరిగాను. ఆయన చేయదలచుకున్నది వినడానికి మంచి పనే. యుద్ధం వల్లా వరదల వల్లా ఊళ్ళొదిలే జనం ఎందుకు కదులుతారు, ఎప్పుడు కదులుతారు, ఏ దారిన పోతారు అన్నది కంప్యూటర్‌లో మోడల్‌గా కట్టాలి. అప్పుడు మళ్ళీ కష్టం వచ్చినప్పుడు జనం కంటే ముందే లారీలూ బియ్యమూ చేరతాయి. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన నీలికళ్ళు తడిసేవి. నిజంగానే తడిసేవి, నటన కాదు. నటన అయితే బాగుండేది, త్వరగా కనిపెట్టేదాన్ని.

మా పిన్ని ఊరు కబులాకన్. ఏటికీ చిత్తడికీ మధ్య నాలుగొందల ఇళ్ళు. అక్కడ మొదటి రోజు ప్రశ్నలు నాకింకా గుర్తున్నాయి. పిన్ని గుమ్మంలో కూర్చుని కొర్రమీను పొలుసు గీస్తోంది. డాక్టర్ ఆస్గర్ చాప మీద మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడుతున్నాడు.

"పోయినసారి ఊరెందుకు వదిలారు?" అని అడిగించాడు.

"వదలకపోతే చస్తాం గనక," అంది పిన్ని.

"కాదు పిన్నీ, కాల్పుల వల్లనా, వరద వల్లనా, బతుకుతెరువు కోసమా, ఇంకేదైనానా? నాలుగింటిలో ఒకటి చెప్పాలంట."

"ఏరు పొంగిందని మేం గట్టెక్కాం. మేం గట్టెక్కామని తుపాకులోళ్ళు గట్టెక్కారు. వాళ్ళెక్కారని సైన్యం ఫిరంగి పెట్టింది. చేపల వల అక్కడే వదిలేసి వచ్చాం, తిండి లేదు. ఇందులో ఒకటేదో నువ్వే ఏరుకో."

నేను తర్జుమా చేశాను. ఆయన శ్రద్ధగా తలూపి, "వీటిలో ముఖ్యమైనది ఒకటి," అన్నాడు.

పిన్ని గీయడం ఆపింది. "ఈయనకి పెళ్ళయిందా?"

"అయిందంట. పోయినేడు విడిపోయారంట."

"ఆవిడ పోయేటప్పుడు ఒకటే కారణం చెప్పి పోయిందా అడుగు."

పక్క గుమ్మాల్లోంచి ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. నేను మాత్రం ఆయనతో, "గుర్తు చేసుకోవడం కష్టంగా ఉందంటోంది," అన్నాను. ఆయన జాలిగా చూశాడు. 'కాల్పులు' అన్న గడిలో నేనే టిక్కు పెట్టాను. ఆ రోజు అలాంటి టిక్కులు అరవై పెట్టాను. తర్వాత ఆయన పటాల్లో ఆ టిక్కులు ఎర్రటి రంగుగా మారి దేశదేశాల సభల్లో వెలిగాయి. నా చేతిపనే అదంతా.

ఏడు నెలలకి మోడల్ తయారైంది. పట్టణంలో మునిసిపల్ హాల్లో పెద్ద తెర మీద చూపించారు. మమ్మల్ని మాకే చూపించి సరిగ్గా ఉన్నామా అని అడగడం ఒక పద్ధతంట. పిన్నితోపాటు పదిమంది ఊరివాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. అన్నమూ కోడిమాంసమూ అరిటాకులో చుట్టిన పాస్టిల్ పొట్లాలు పంచారు. తెర మీద ఏరు, గట్టు, రోడ్డు. నాలుగొందల చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో కుటుంబం. నీళ్ళు పెరిగేకొద్దీ, కాల్పులు దగ్గరయ్యేకొద్దీ చుక్కలు ఒకటొకటిగా రోడ్డెక్కాయి.

"ఈ చీమలు మేమా?" అంది పిన్ని.

"మీరే పిన్నీ."

"ఎవర్నీ అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా పోతున్నారే? ఆ చివర చుక్క ముసలాళ్ళని ఎత్తుకోలేదు. ఈ చుక్క పక్కింటోళ్ళతో గొడవలో ఉంటే ఆ దారిన ఎలా పోతుంది? మేకలు కూడా పక్క మేకని చూసి కదుల్తాయి పిల్లా."

ఆమె చెప్పింది వదిలేసి ఆయన తన బాధ తాను చెప్పుకున్నాడు. మోడల్‌లో నలభై ఏడు కారణాలు పెట్టాడు. వాన, ఏటి మట్టం, తుపాకుల చప్పుడు ఎంత దూరం, బియ్యం ధర, సెల్‌ఫోను సిగ్నలు, పండగలు, ఇంకా ఏవేవో. మిగతా ఊళ్ళన్నిటికీ లెక్క కాస్తో కూస్తో కుదిరింది. కబులాకన్ మాత్రం ప్రతిసారీ లెక్క కంటే ఒకటి రెండు రోజుల ముందే ఖాళీ అవుతోంది. వాన పడకముందే, తుపాకీ పేలకముందే. ఎలా?

ఆ 'ఎలా'కి జవాబు నాకు తెలుసు. పిన్ని ఒకసారి అన్నం పెడుతూ నవ్వుతూ చెప్పింది. ఇంట్లో మనిషినని చెప్పింది.

ఊరి పెద్ద కపితాన్ తాయువాన్‌కి బాబాయి కొడుకు సైన్యంలో సార్జెంటు. బావమరిది అవతలి తుపాకులవాళ్ళలో ఉన్నాడు. ఏటి ఎగువ నీళ్ళ సంగతి మునిసిపల్ ఆఫీసు ఫోను చేసి చెబుతుంది. మూడు వైపులనుంచీ ఆయనకి ముందే కబురు వస్తుంది. ఆ కబురు ఆయన నోట్లోంచి జనానికి ఒక్కసారీ చేరలేదు. ఊరు ఖాళీ అయితే పైవాళ్ళు కపితాన్‌ని చేతగానివాడంటారు. అందుకని మసీదు మైకులో "కంగారు పడకండి, ఎవరిళ్ళలో వాళ్ళుండండి" అని చెప్పి, ఇంటికి పోయి సామాను సర్దుకుంటాడు. బట్టలూ బంగారమూ ఎలాగైనా దాటించవచ్చు. ఆయన భార్య బై నూర్జన్నాకి మాత్రం ఐసూ కోడిమాంసమూ అమ్మే పెద్ద ఫ్రీజరు ఒకటుంది. నలుగురు మోస్తే గాని లేవదు. దాన్నొదిలి ఆమె కదలదు. ఆ ఫ్రీజరు చేతి ట్రాక్టరు బండెక్కితే చాలు, ఊరంతా మూటలు కట్టేది. దానికి మా వాళ్ళకి ఏ చదువూ అక్కర్లేకపోయింది. మొగుడి మాట మీద కంటే పెళ్ళాం ఫ్రీజరు మీద నమ్మకం పెట్టుకున్నారంతే.

ఈ సంగతి నేను డాక్టర్ ఆస్గర్‌కి చెప్పాను. ఎందుకు చెప్పానంటే, ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు, నాకు తెలిసింది ఆయనకి తెలియదన్న గర్వం నా గొంతు దాకా వచ్చింది. ఇంకో ఏడాది ఉద్యోగం పొడిగిస్తారన్న ఆశ కూడా ఉంది, దాచుకోవడమెందుకు? పోయిన అక్టోబరులో ఆ బండిని నా ఫోనుతో తీసిన ఫోటో కూడా చూపించాను.

ఆయన కుర్చీలోంచి లేచి నన్ను కావలించుకున్నంత పని చేశాడు. "అద్భుతం! పెద్దవాళ్ళ కదలికే సంకేతం! ఇది ఎక్కడా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు నోరైసా!" అన్నాడు. ఎవరూ తీసుకోకపోవడమేమిటి, నాలుగొందల ఇళ్ళవాళ్ళు ఇరవై ఏళ్ళుగా తీసుకుంటున్నారు. ఆ రాత్రికే ఫ్రీజరు ఆయన మోడల్‌లో నలభై ఎనిమిదో కారణమైంది. కదిలితే ఒకటి, కదలకపోతే సున్నా. రోజూ ఫోటో పంపడానికి ఊళ్ళో ఒక టీకొట్టువాణ్ణి కుదిర్చాడు. లెక్క అద్దంలా కుదిరింది.

కుదిరిందని ఊరుకుంటే సరిపోయేది. కోటబాటోలో హోటల్ హాల్లో సభ పెట్టాడు. అధికారులు, మేయర్లు, స్వచ్ఛంద సంస్థలవాళ్ళు, అన్ని ఊళ్ళ కపితాన్‌లు. తెర మీద పటాలయ్యాక నేను తీసిన ఫోటో వచ్చింది, కింద నా పేరుతో. ఫ్రీజరు, బండి, వెనకాల నీలిరంగు గేటు. గేటు మీద ఊరి పేరు. డాక్టర్ ఆస్గర్ ఎవరి పేరూ చెప్పలేదు, పేరు చెప్పలేదు గనక మర్యాద పాటించాననుకున్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. ముందు వరసలో ఒక అధికారి వెనక్కి తిరిగి, "ఏమోయ్ తాయువాన్, మీ ఆవిడ ఫ్రీజరుకి డాక్టరేటు ఇచ్చేస్తున్నారు! నువ్వెప్పుడు చదువుతావు?" అన్నాడు.

మూడో వరసలో కపితాన్ తాయువాన్ కూడా నవ్వాడు. అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు. భోజనాల దగ్గర డాక్టర్ ఆస్గర్ చెయ్యి పట్టుకుని ఊపాడు. మెట్ల దగ్గర నన్ను దాటిపోతూ మాత్రం ఆగాడు.

"ఫోటో బాగా తీశావమ్మా. చెయ్యి వణకలేదే."

సాయంత్రం డాక్టర్ ఆస్గర్‌తో చెప్పాను. "ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఇక ఆ ఫ్రీజరు చెప్పేది నమ్మడానికి లేదు."

"ఆయన నవ్వాడు కదా! నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు!"

"మా దగ్గర నవ్వు చాలా రకాలు."

"నలభై ఎనిమిదింటిలో అదొకటి. మోడల్ గట్టిది, నోరైసా."

మనుషుల్ని చదవడానికి ప్రపంచం సగం దాటి వచ్చినవాడికి ఎదురుగా నవ్విన ఒక్క మొహం చదవడం రాలేదు. ఇదీ ఆయన పాండిత్యం.

జులైలో వానలు మొదలయ్యాయి. నేను పట్టణంలో ఆఫీసులో ఉన్నాను. ఒక బుధవారం పొద్దున పిన్ని ఫోను చేసింది. ఆమె నాకు ఫోను చేయడం అదే మొదలు.

"అమ్మాయ్, ఫ్రీజరు అరుగు మీదే ఉంది. లోపలుండేదాన్ని అందరికీ కనపడేట్టు అరుగు మీద పెట్టించాడు కపితాన్. నేనెక్కడికీ పోవట్లేదు, చూస్కోండి అని మైకులో కూడా చెప్పాడు."

"అయితే మంచిదేగా పిన్నీ."

"మూత మీద కోడి పడుకుంది."

"ఏమిటి?"

"కోడే పిల్లా, కోడి. నిన్నట్నించీ అక్కడే పడుకుంది. మూత ఎవరూ తియ్యట్లేదన్నమాట. రెండ్రోజులుగా ఐసు అమ్మట్లేదు. బై నూర్జన్నా కనపళ్ళేదు. కూతురికి పరీక్షలంట, పట్నం పోయిందంట. కోడలూ పోయిందంట, ఆమెకేం పరీక్షలో! ఉలాంగ్ అన్నయ్య పోదామంటున్నాడు. మిగతావాళ్ళు ఫ్రీజరుందిగా అంటున్నారు. మీ యంత్రం ఏమంటోందో ఓసారి అడుగు."

నేను డాక్టర్ ఆస్గర్ బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆయన తెర చూసి, "తొమ్మిది శాతం. ఈ వారం కదిలే సూచన లేదు. ఇందాకే మునిసిపల్ ఆఫీసుకి నివేదిక పంపాను, లారీలు అవతలి ఊళ్ళకి పంపుకోవచ్చని," అన్నాడు.

"ఫ్రీజరు మూత మీద కోడి పడుకుందంట."

ఆయన నవ్వాడు. "కోడికి గడి లేదు, నోరైసా."

నాకు తెలుసు. ఆ క్షణాన నాకు పూర్తిగా తెలుసు. ఫ్రీజరు ఖాళీ డబ్బా, కపితాన్ కుటుంబం దాటిపోయింది, వెంటనే బయల్దేరండి అని చెప్పడానికి నాకు ఏ మోడలూ అక్కర్లేదు. మా అమ్మ నన్ను నడుముకి కట్టుకుని ఏరు దాటినప్పుడు నా వయసు రెండేళ్ళు. అయినా డిగ్రీ చదివిన నోరు గదా. పొరపాటైతే నవ్వుతారని భయపడింది.

"ఇవాళ కదలక్కర్లేదంటోంది పిన్నీ," అన్నాను.

"యంత్రమూ ఉండమంటోంది, ఫ్రీజరూ ఉండమంటోంది. ఇద్దరూ వియ్యంకులయ్యారన్నమాట. సరేలే," అని పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఎగువ మలుపులో ఫిరంగులు మొదలయ్యాయి. అదే గంటలో ఏరు గట్టు దాటింది. రోడ్డు మునిగింది. లారీలు లేవు, తొమ్మిది శాతం ఊరికి లారీలెందుకు? నాలుగొందల కుటుంబాలు తమకున్న దోనెల్లోకే ఎక్కాయి. గుర్రపుడెక్క గుబురుల్లో ఒక దోనె తిరగబడింది. ముగ్గురు పోయారు. పై వరస ఇళ్ళావిడ ఒకామె, ఆమె చంకలో పిల్ల, సరాపియా పిన్ని అన్న ఉలాంగ్. ఆయన ముందురోజే పోదామన్నవాడు. చెల్లెలు ఉందామందని ఆగాడు. చెల్లెలు నేను చెప్పానని ఆగింది.

కపితాన్ తాయువాన్ ఆ సాయంత్రం కోటబాటోనుంచి రేడియోలో మాట్లాడాడు. జనాన్ని దాటించే పని తానే దగ్గరుండి చూసుకుంటున్నానన్నాడు. వెనకాల టీవీలో వంటల కార్యక్రమం వినిపించింది.

జనాన్ని పట్టణంలో కప్పున్న బాస్కెట్‌బాల్ కోర్టులో పెట్టారు. మూడో రోజు డాక్టర్ ఆస్గర్ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. వెళ్ళేముందు ఆఫీసులో ఏడ్చాడు. కళ్ళు తుడుచుకుని, "బాధాకరమే, కానీ సమాచారం తాజాగా ఉన్నప్పుడే సేకరించాలి," అన్నాడు. చేతిలో టాబ్లెట్.

పిన్ని గోడవారగా మలోంగ్ గుడ్డ కప్పుకుని కూర్చుంది. నేను సలాం చెప్పాను. నా వైపు చూడలేదు. ఆయన గొంతు తగ్గించి, "మీ నష్టానికి చాలా విచారిస్తున్నాను. మీరు ఊరెందుకు వదిలారో చెప్పగలరా?" అని ఇంగ్లీషులో అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పిన్ని మాట్లాడింది. ఆ ప్రశ్న ఆమెకి తర్జుమా అక్కర్లేదు, ముప్పైసార్లు విన్నది.

"దున్నపోతు పుండు కాకికి ముద్దా నాయనా? పొడిచిన చోటే పొడుస్తావేం? మేమెందుకు పరిగెత్తామని ఏడాదినించీ అడుగుతున్నావు. చావు ఎదురుగా వచ్చేదాకా ఎందుకు ఆగామో అది అడగవేం?"

ఆ మాట మాత్రం నేను ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాను.

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. సిగ్గుపడతాడనుకున్నాను. కనీసం ఆ టాబ్లెట్ కింద పెడతాడనుకున్నాను. "చాలా మంచి ప్రశ్న," అన్నాడు. "మలివిడతలో చేరుస్తాం." వేలితో టకటకా రాసుకున్నాడు.

పిన్ని మొహంలో కోపం లేదు. అన్నంలో వెంట్రుక కనిపిస్తే తీసి పక్కన పెట్టేటప్పుడు చూస్తాం చూడండి, ఆయన్ని అలా చూసింది. తర్వాత అదే చూపు నా మీదికి తిప్పింది. ఆయన్ని చూసిందానికంటే నన్ను ఎక్కువసేపు చూసింది.

నేను ప్లాస్టిక్ సంచి ఆయన చేతికిచ్చేసి కోర్టు బయటికి నడిచాను. జ్వరమని కబురు పంపాను, తర్వాత జ్వరం తగ్గలేదని పంపాను, ఆ తర్వాత ఏమీ పంపలేదు. ఆయన ఆరునెలలకి తన దేశం వెళ్ళిపోయాడు. పోతూ పోతూ తన వ్యాసం నాకు మెయిల్ చేశాడు. కృతజ్ఞతల్లో నా పేరు ఉంది, 'నొరిస్సా' అని. కబులాకన్ గురించి ఒక్క వాక్యం. ఆ ఊళ్ళో ఒక సంకేతం 'అనూహ్యంగా పనిచేయకపోవడంతో' లెక్కలోంచి తీసేశారంట. ముగ్గురు మనుషులు ఏ పట్టికలోనూ లేరు. ఊరి ఎన్నికల్లో కపితాన్ తాయువాన్ మీద ఎవరూ పోటీ చేయలేదు, మళ్ళీ ఆయనే నెగ్గాడు. సభలో ఆయన్ని ఎగతాళి చేసిన అధికారే వచ్చి దండ వేశాడు.

నేనిప్పుడు ఒక బళ్ళో ఇంగ్లీషు చెబుతున్నాను. జనవరిలో ధైర్యం కూడదీసుకుని కబులాకన్ వెళ్ళాను. పిన్ని ఏటికి అవతలి గట్టున కొత్తగా గుడిసె వేసుకుంది. నవంబరులో మళ్ళీ ముంపు వచ్చిందనీ, నీళ్ళు రావడానికి ఒక రోజు ముందే ఊరంతా ఒక్క ప్రాణి మిగలకుండా దాటిపోయిందనీ అప్పటికే విన్నాను. కపితాన్ కూడా వాళ్ళ తర్వాతే లేచాడంట.

"ఈసారి ఎలా తెలిసింది పిన్నీ?" అన్నాను.

"తెలిసింది."

"ఎవరైనా చెప్పారా? ఏదైనా చూశారా?"

ఆమె పొయ్యిలో పుల్ల ముందుకి తోసింది. పక్కన కూర్చున్న ఆమె మనవరాలు ఏదో చెప్పబోయింది. "లేచి నీళ్ళు తీసుకురా," అని ఆ పిల్లని పంపేసింది.

"మీ అమ్మకి నడుంనొప్పి తగ్గిందా?" అని నన్ను అడిగింది.

"కాస్త తగ్గింది."

"పసుపు పట్టు వెయ్యమను."

అన్నం పెట్టింది. పొగబెట్టిన కొర్రమీను, నూరిన మిరపకాయ. వచ్చినవాళ్ళకి పెట్టకుండా పంపడం మా ఇళ్ళల్లో లేదు, అందుకని పెట్టింది. తిన్నంతసేపూ చేపల గురించీ, గట్టు మరమ్మతు గురించీ మాట్లాడింది. ఊళ్ళోకి వచ్చిన ఏ కొత్త సర్వేవాళ్ళతోనైనా ఇలాగే మాట్లాడుతుందని నాకు అప్పుడర్థమైంది. చేతులు కడుక్కున్నాక, "చివరి పడవ మూడింటికి. పొద్దుపోకముందే వెళ్ళు," అంది. రేవుదాకా ఎవరూ రాలేదు.